మిలిట్రీ సాలు

మా పాళేనికి మిలిట్రీ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి జపానువాడు వస్తున్నాడని వచ్చింది. రెండోసారి చైనావాడి మీద కోపంతో వచ్చింది. ఆ ఇద్దరిలో ఎవడూ మా దిబ్బల మీద కాలు పెట్టలేదు. వచ్చి మా ఇసుకలో కూరుకుపోయినవి మిలిట్రీ లారీలు.

విడవలూరు నుంచి తూర్పుకు నడిచి ఉప్పుకాలవ దాటితే ఇసుక దిబ్బలు మొదలవుతాయి. నెల్లూరులో బకింగ్‌హాం కాలవ అనేది దాన్నే. మా కట్టె పడవలెక్కి మద్రాసు పోయేది ఆ కాలవలోనే. కాలవకూ సముద్రానికీ మధ్య ఉండేది కడవలపాళెం. ఆ పేరు మేము పెట్టుకున్నది కాదు. సంతకు పోతే మా అరచేతుల్లో కాయలు చూసి "కడవలోళ్ళు వచ్చినారు" అని రైతులు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి చేసినవాళ్ళు పోయారు, పేరు మిగిలింది.

మా నాయన చిన్నతనంలో అక్కడ ఊరే లేదు. నెల్లూరు జయరామయ్య గారి తండ్రి ఆ దిబ్బలన్నీ తన పేర రాయించుకొని, సరుగుడు తోట వేయడానికి మనుషుల్ని వెతికాడు. ఉదయగిరి మెట్టలో కరువు తగిలి దిగివచ్చిన మాలాంటి కుటుంబాలను తెచ్చి ఇసుకలో దింపాడు. గూడూరు నుంచి రెండు మూడు సాయిబుల కుటుంబాలు కూడా వచ్చాయి. ఎవరికీ సెంటు భూమి లేదు. ఉన్నవి చేతులు, ఆయన ఇప్పించిన కడవలు.

సరుగుడు మొక్కను ఇసుకలో నాటి వదిలేస్తే బతకదు. రెండు మూడేళ్ళు మనిషి చేత్తో నీళ్ళు పొయ్యాలి. దిబ్బల మధ్య పల్లంలో ఇసుక తవ్వితే తియ్యటి ఊట తగులుతుంది. ఆ గుంటను దొరువు అంటాం. దొరువులోకి దిగి రెండు చేతులా రెండు కడవలు ముంచుకోవాలి, గట్టెక్కి మొక్క మొక్కకూ పోసుకుంటూ పోవాలి, ఖాళీ కడవలతో మళ్ళీ దిగాలి. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి మా నాయన నా చేతులకు తగిలించింది ఈ రెండు కడవలే. పలక కంటే బరువైనవి.

తోటలో ఒక్కొక్క వరసను సాలు అంటాం. ఏ సాలుకు ఎవరు నీళ్ళు పోస్తే ఆ సాలు వాళ్ళ పేరుతోనే పిలుస్తాం. కట్టె అమ్మినప్పుడు సగం భూమి గలాయనది, సగం నీళ్ళు పోసినవాళ్ళది. నరికే రోజు వచ్చినప్పుడు, సాలు మనిషి మొదటి చెట్టు మొదట్లో ఒక కడవ నీళ్ళు పోసి మొదటి వేటు తానే వెయ్యాలి. ఆ ఆఖరి కడవ పడనిదే ఆ సాలు మీద ఇంకొకడు గొడ్డలి ఎత్తకూడదు. మనిషి లేకపోతే కొడుకో కూతురో పొయ్యాలి. అన్నిటికంటే ముందు నాటిన సాలు అన్నిటికంటే ముందు పడాలి. అది పడేదాకా మిగతా సాళ్ళు కదలవు.

ఇందులో భక్తి ఉందని కొందరు అంటారు. నాకు కనపడలేదు. అందరి కడుపులూ కాలుతున్నచోట ఒకడి చెట్టు ఇంకొకడు కొట్టుకుపోకుండా పెద్దవాళ్ళు కట్టుకున్న తడిక అది. ఏ కాగితంలోనూ మా పేర్లు లేవు. మాకున్న కాగితం ఆ కడవే.

నలభై రెండులో లారీలు వచ్చినప్పుడు నేను పెళ్ళయినవాణ్ణి. జపాను ఓడలు ఈ గట్టుకే వస్తాయని, దిబ్బలు ఖాళీ చెయ్యమని చాటించారు. గుడిసెలు పీకి కాలవ అవతలి కట్ట మీద పడేశారు. తోట నరకడానికి ఒంగోలు వైపు నుంచి కూలీలను తెచ్చారు. సముద్రం కనపడాలంట. అయిదేళ్ళ చెట్లు నాలుగు రోజుల్లో పడ్డాయి. మా నాయన కడవ పట్టుకొని ముళ్ళకంచె దగ్గర నిలబడ్డాడు. లోపలికి పోనివ్వలేదు. ఆ తర్వాత బతికిన కొన్ని నెలలూ ఆయన ఒకటే మాట: "ఒక్క కడవ పొయ్యనిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది రా." పరిహారం జయరామయ్య గారి ఇంటికి చేరింది. మా నాయన కాలవ కట్ట మీదనే పోయాడు.

ఆ క్యాంపు వల్ల అన్నం తిన్నది మాలో ఒక్క ఇల్లు. మౌలా, ఆయన భార్య బీజాన్. వాళ్ళు ఇంట్లో తురకం మాట్లాడతారు గనక సిపాయిల మాట మౌలాకు తెలిసేది. వంటసాలలో పనికి పెట్టుకున్నారు. పొద్దు కుంకే వేళకు లుంగీలో రొట్టెలు మూటగట్టుకొని కాలవ దాటి వచ్చి కట్ట మీది గుడిసెలకు పంచేవాడు. మా నాయన తిన్నాడు. నేను తినలేదు. మా చెట్లు కాల్చిన పొయ్యి మీద కాలిన రొట్టెలు అవి.

యుద్ధం అయిపోయాక క్యాంపు ఎత్తేశారు. రావలసిన జీతం తర్వాతి ఊళ్ళో ఇస్తామన్నారంట, మౌలా కూడా లారీ ఎక్కాడు. లారీ ఉత్తరానికి పోయింది. ఆయన తిరిగి రాలేదు. బీజానక్క ఒక్కగానొక్క ఆడబిడ్డను చంకనేసుకొని మాతోపాటు దిబ్బల మీదికి తిరిగి వచ్చింది.

తిరిగి వస్తే ఏముంది అక్కడ? మోళ్ళు, తుప్పు పట్టిన ముళ్ళతీగ, సిమెంటు గచ్చులు మూడు. తీగను మేకల దొడ్లకు చుట్టుకున్నాం. గచ్చుల మీద ఇళ్ళు వేసుకున్నాం. పెద్ద గచ్చు నేను తీసుకున్నాను. అది మునుపు మా నాయన గుడిసె ఉన్నచోటు. మిలిట్రీవాడు మా ఇంటి మీద వంటసాల కట్టాడు, నేను వాడి వంటసాల మీద ఇల్లు కట్టాను. అక్కడికి ఒక లెక్క సరిపోయిందనుకున్నాను.

మళ్ళీ తోట వేశాం. ఒక విడత నాటి, పెంచి, నరికి అమ్మాం. యాభై ఏడు వానల్లో రెండో విడత నాటాం. ఆ విడతలో అందరికంటే ముందు నాటింది బీజానక్క. సముద్రం వైపు అంచున ఆమె సాలు. తర్వాత వరసగా మిగతా అందరివీ. నా సాలు నాలుగోది. అరవై నాలుగులో నరకాలని అనుకున్నాం. వాసాలకు పనికొచ్చే లావు రావాలంటే అంతకాలం పట్టాలి. ముందే నరికితే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

అరవై రెండు డిసెంబరులో జీపు వచ్చింది.

నలుగురు దిగారు. మా భాష కాదు. గచ్చుల చుట్టూ తిరిగారు, నా ఇంటి గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. తర్వాత ఎర్రగుడ్డలు కట్టిన మేకులు తెచ్చి గచ్చుల దగ్గర నుంచి తోట అంచు పొడుగునా, బీజానక్క సాలు దాకా పాతుకుంటూ పోయారు. ఏమడిగినా చేతులు ఊపారు. వాళ్ళ మాట తెలిసిన మనిషి ఊళ్ళో లేదు. మిగతా సాయిబుల కుటుంబాలు నలభై రెండులోనే గూడూరుకు తిరిగిపోయాయి. బీజానక్క గూడూరులో ఉంది. అల్లుడు అక్కడ నిమ్మకాయల మండీలో పనిచేస్తాడు, కూతురికి కాన్పు రోజులు.

ఆ గుడ్డలు చూసి నాకు ఇంకెవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అందర్నీ పిలిచాను. వాళ్ళు వచ్చి నరికేలోపు మనమే నరికి అమ్ముకుందాం, వంటచెరుకు ధరైనా వస్తుంది, లేకపోతే అదీ రాదు, అన్నాను. నలభై రెండు చూసినవాళ్ళకు రెండోమాట చెప్పనక్కర్లేదు. చూడని కుర్రవాళ్ళు మొదట గొణిగి, తర్వాత వాళ్ళూ గొడ్డళ్ళు నూరుకున్నారు. పడవల మాలకొండయ్య కాలవలో తన పడవలు తెచ్చి కడతానన్నాడు. మొదటి సాలు బీజానక్కది గనక గూడూరుకు మనిషిని పంపాం.

ఆమె పొద్దున బస్సులో విడవలూరులో దిగి నడిచి వచ్చింది. మేమంతా అప్పటికే ఆమె సాలు దగ్గర చేరాం. గొడ్డళ్ళు, తాళ్ళు, కాలవలో పడవలు, అన్నీ సిద్ధం. మా ఆడది వెంకటశేషమ్మ దొరువులో కడవ ముంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. బీజానక్క చెట్టు మొదట్లో కూర్చుంది. కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంది. మనవడు పుట్టాడని చెప్పింది. తర్వాత జరిగిందంతా అడిగి తెలుసుకుంది. జీపులో వచ్చినవాళ్ళు నోటితో ఏమన్నారని అడిగింది. ఏమన్నారో ఎవరికీ తెలియదని చెప్పాం.

"తెలవకుండా ఎట్టా నరికేది?" అంది.

నాకు మండింది. తెలుసుకొనేదానికి ఏముంది, మా నాయనకు తెలిసింది చాలదా అన్నాను. ఆమె ఆ మాటకు కోప్పడలేదు. ఇది తన సాలు, కడవ పోసేది తాను, తాను ఇప్పుడు పొయ్యదు. వాళ్ళు వచ్చినాక తానే అడుగుతుంది, అడిగినాక చూసుకుందాం అంది. తోట నరికేస్తే ఉత్తి దిబ్బ అవుతుంది, ఉత్తి దిబ్బను ఎవరైనా తీసుకుంటారు, చేతులారా మనమే చదును చేసి ఇచ్చినట్టు కాదా అని కూడా అంది. ఇద్దరు ముగ్గురు తలలూపారు. నా కళ్ళ ముందు నలభైమంది గొడ్డళ్ళతో నిలబడి ఉన్నారు, ఒక ఆడమనిషి చెట్టుకు ఆనుకొని కూర్చుంటే ఒక్కరూ కదలడం లేదు.

ఆమె సాలు వదిలేసి రెండో సాలు నుంచి మొదలుపెడదామన్నాను. ఎవరూ రాలేదు. ఆ తడిక ఒకచోట తెగితే రేపు తమ సాలుకూ దిక్కుండదని ప్రతివాడికీ భయం. మాలకొండయ్య మాత్రం నవ్వాడు. "పడవల్లో కట్టెకు బదులు మిమ్మల్నే ఎక్కించుకొని పోవాలేమో, బావా" అన్నాడు.

ఆ నవ్వు నాకు మరీ తగిలింది. "ఏమని అడుగుతావక్కా వాళ్ళను?" అన్నాను. "మౌలా యాడుండాడనా?"

సరుగుడు తోటలో గాలి ఎప్పుడూ ఒక ఏడుపు ఏడుస్తూనే ఉంటుంది. వెంకటశేషమ్మ నావైపు చూసిన చూపు ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

బీజానక్క కొంగు సర్దుకుంది. "అదీ అడుగుతా" అంది. "ఇన్నేళ్ళూ అడిగేదానికి మనిషి దొరకలా."

ఆ రోజు ఎవరూ చెట్టు మీద వేటు వెయ్యలేదు. మర్నాడూ అంతే. పొద్దున లేచి గొడ్డళ్ళు పట్టుకొని వచ్చి ఆమె సాలు దగ్గర కూర్చోవడం, ఆమె పక్కన నిండు కడవ పెట్టడం, మధ్యాహ్నానికి ఆ నీళ్ళు ఎవరో ఒకరు తాగేయడం. మాలకొండయ్య విసుగెత్తి రెండు పడవలు ఉప్పు బస్తాలకు పంపించేశాడు. మూడోనాడు పొద్దున లారీల మోత వినపడింది.

ముందు లారీ దిబ్బ ఎక్కి మమ్మల్ని చూసి ఠక్కున ఆగిపోయింది. ఆగదా మరి! నలభైమంది గొడ్డళ్ళు పట్టుకొని వరసగా నిలబడి ఉన్నారు. లారీలో కుర్రవాళ్ళు, మీసాలు కూడా సరిగా రానివాళ్ళు, మాకంటే ఎక్కువ భయపడ్డారు. ముందు సీటులో నుంచి ఒక పెద్ద మీసాల సుబేదారు దిగి, తుపాకీ తియ్యాలా వద్దా అన్నట్టు చెయ్యి నడుము దాకా తీసుకుపోయి ఆపాడు.

బీజానక్క లేచింది. పక్కన ఉన్న కడవ ఎత్తి చంకన పెట్టుకొని ఇసుకలో నెమ్మదిగా నడిచి పోయింది. చెట్టు మొదట్లో పొయ్యాల్సిన కడవ అది. సుబేదారు దగ్గర ఆగి ఏదో అంది. ఆయన దోసిలి పట్టాడు. ఆమె వంచింది, ఆయన తాగాడు. లారీలో కుర్రవాళ్ళు ఒక్కొక్కడే దిగి వరసలో నిలబడ్డారు. కడవ అయిపోయేదాకా అందరూ తాగారు. నేను గొడ్డలి దించలేదు. కానీ ఎత్తి పట్టుకోవడంలో అర్థం లేకుండా పోయిందని నాకే తెలుస్తూ ఉంది.

వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడారు. ఆమె తురకం ఆయనకు సగం, ఆయన హిందీ ఆమెకు సగం. మధ్యమధ్య ఆయన ఆమె మాటకు నవ్వుతున్నాడు, ఆమె ఆయన్ను కసురుతూ ఉంది. చివరకు ఆమె వెనక్కి వచ్చి, అందరికీ వినపడేలా చెప్పింది. చైనా యుద్ధం తర్వాత కొత్త కుర్రవాళ్ళను చేర్చుకుంటున్నారు. ఏటా చలికాలంలో రెండు నెలలు ఇక్కడ తర్ఫీదు ఇస్తారు. ఎర్రగుడ్డల మేకులు తోటను తీసుకోవడానికి పాతినవి కావు. కుర్రవాళ్ళు తోటలోకి పోకుండా వాళ్ళకు పెట్టిన హద్దు. గాలికీ ఎండకూ చెట్లు అడ్డం ఉన్నాయనే ఈ చోటు ఎంచుకున్నారు. చెట్లు లేకపోతే లారీలు తిప్పుకొని పోతారు, కానీ ఈ దిబ్బ మీద కన్ను పడింది గనక రేపు ఇంకొకరెవరో ఇంకొక పనికి వస్తారు.

జనం గొడ్డళ్ళు దించారు. ఒకడు నవ్వాడు కూడా.

"అంతేనా?" అన్నాను నేను.

ఆమె నావైపు తిరిగింది. అప్పటిదాకా అందరికీ చెప్పిన గొంతు తగ్గించి నాకొక్కడికే చెప్పింది. "గచ్చులు కావాలంట. వంటకు. మూడు ఇళ్ళు తియ్యాల. అందులో నీది ఒకటి."

చెప్పలేదూ నేను? మిలిట్రీ వచ్చి ఏమీ తీసుకోకుండా పోతుందా? పోయిపోయి మళ్ళీ ఆ చోటే కావాల్సి వచ్చింది, మా నాయన గుడిసె చోటే.

బీజానక్క ఖాళీ కడవ ఇసుకలో దించింది. "అబ్బయ్యా, చెట్లు నిలబడాలంటే నీ ఇల్లు పోవాల. నేనేం చెప్పేదానికి లేదు. ఆ గచ్చు మీ నాయనది. నువ్వు కాదంటే ఇప్పుడే దొరువులో దిగి కడవ ముంచుకొచ్చి, పోసి, మొదటి ఏటు నేనే ఏస్తా. తోటంతా పడేస్తాం. మిగతా ఇద్దరూ నువ్వన్నట్టే అంటారు. నీ మాటే."

నన్ను అడుగుతుందని నేను అనుకోలేదు. నలభై రెండులో మమ్మల్ని ఎవరూ అడగలేదు. జయరామయ్య గారూ అడగలేదు, తెల్లదొరలూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నేర్చుకోకుండానే ఈ వయసు వచ్చింది. పాళెమంతా నా నోటి వైపు చూస్తున్నారు. ఆ సుబేదారు కూడా, మాట తెలియకపోయినా, ఏదో తేలబోతుందని నావైపే చూస్తున్నాడు.

వెంకటశేషమ్మ మనుషుల మధ్య నుంచి తోసుకుంటూ మా ఇంటి వైపు నడిచింది. చూరు దగ్గర నిలబడి, చెయ్యి చాచి, తాటాకు ఒకటి లాగి కింద పడేసింది. తర్వాత ఇంకొకటి. ఆమెకు ఎత్తు అందకపోతే లారీలో నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు పరిగెత్తుకుంటూ పోయి పైకెక్కారు. నేను గొడ్డలి భుజాన వేసుకొని పోయి నిట్రాళ్ళు పీకాను. ఇంకేం చేసేది?

గచ్చులన్నీ పోయాక ఇళ్ళు వేసుకోవడానికి మిగిలిన ఖాళీ సముద్రం వైపే ఉంది. మిగతా ఇద్దరూ తమ్ముళ్ళ పక్కన చోటు చూసుకున్నారు. నాకు తమ్ముళ్ళు లేరు. బీజానక్క సాలుకు తూర్పున, నలభై రెండులో నరికేసిన తర్వాత మళ్ళీ ఎవరూ నాటని బోడి దిబ్బ కింద వేసుకున్నాను. నిట్రాళ్ళు పాతింది, తడికలు కట్టింది ఆ కుర్రవాళ్ళే. బాగానే కట్టారు. కానీ గాలి తిన్నగా నా గుమ్మంలోకే. అన్నం ముందు కూర్చుంటే కంచంలో ఇసుక. ఈ మాట అందరికీ వినపడేలా రోజూ అంటూ వచ్చాను.

సుబేదారుకు ఒక పద్ధతి ఉంది. తప్పు చేసిన కుర్రవాడికి రెండు బక్కెట్లలో ఇసుక నింపి ఇచ్చి దిబ్బలెక్కి దిగమంటాడు. పొద్దునపూట పదిమందైనా అట్లా పరిగెత్తుతూ ఉండేవాళ్ళు. బీజానక్క రెండు రోజులు చూసి, మూడోరోజు ఆయన దగ్గరికి పోయింది. ఇసుకను ఇసుక మీద మోయించడం ఏం తెలివి అని అడిగిందంట. మోయించేది ఎట్లాగూ మోయిస్తున్నావు, మా కడవలు ఇస్తా, నీళ్ళు మోయించు అందంట. ఆయన చాలాసేపు నవ్వాడు. మర్నాడు పొద్దున కుర్రవాళ్ళు దొరువులోకి దిగారు.

నారు ఆమే ఇచ్చింది. నా ఇంటికి తూర్పున బోడి దిబ్బ మీద ఒక్క సాలు నాటించింది. కడవ పట్టడం వాళ్ళకు చేతకాలేదు. సగం నీళ్ళు కాళ్ళ మీద, కడవలు పగలగొట్టినవాడికి మళ్ళీ శిక్ష, ఆ శిక్షకు మళ్ళీ కడవలు. ఆడవాళ్ళు దొరువు గట్టు మీద కూర్చొని చూసి నవ్వేవాళ్ళు. గుర్ముఖ్ అని ఒక పొడుగాటి కుర్రవాడు రోజూ ఏదో ఒక తప్పు చేసేవాడు. సాలులో ముప్పాతిక నీళ్ళు వాడివే. పనికి దిగితే పాట అందుకునేవాడు. వాడి పాట నాకు ఒక్క ముక్క తెలియదు, కానీ ఆ రెండు నెలలూ నా పొద్దులన్నీ దానితోనే తెల్లారాయి. ఆ వరసకు పాళెంలో మిలిట్రీ సాలు అని పేరు వచ్చింది. పోసినవాళ్ళ పేరే కదా పెట్టేది.

మార్చిలో డేరాలు ఎత్తారు. బీజానక్క తాను అడుగుతానన్న రెండోమాట ఆ వెళ్ళేముందు అడిగింది. సుబేదారు లారీ ఎక్కబోయేవాడల్లా ఆగి, తలపాగా సర్దుకొని, పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. అది తెల్లదొరల కాలపు మాట, ఎవరికి తెలుస్తుందో తెలియదు, అయినా అడిగి చూస్తానన్నాడంట. ఆమె వచ్చి దొరువు గట్టు మీద కూర్చుంది. లేదని చెప్పలేదు చూడు, అంది వెంకటశేషమ్మతో.

వేసవి వచ్చింది. సముద్రం వైపు ఇసుక పెనం లాగా కాలింది. మిలిట్రీ సాలు మొక్కలు తలలు వేలాడేశాయి. పాళెంలో ఎవరూ వాటికి నీళ్ళు పొయ్యలేదు. తప్పు పట్టడానికి లేదు. మన సాలు కానిదానికి నీళ్ళు పోస్తే రేపు దాని మీద హక్కు అడుగుతున్నట్టు లెక్క. బీజానక్కకు కాలు వాచి కడవ ఎత్తలేని రోజులు.

నేను పోశాను. జాలితో కాదు, ముందే చెబుతున్నాను. ఆ మొక్కలు బతికితే నా కంచంలోకి ఇసుక రాదు. పొద్దున మా సాళ్ళకు పోసేదేమీ లేదు, అవి పెద్ద చెట్లు. చేతులు ఊరికే ఉండడం నాకు అలవాటు లేదు. రెండు వేసవులు పోశాను. చలికాలం కొత్త కుర్రవాళ్ళు వచ్చి కొత్త తప్పులు చేసి మిగతాది పోశారు.

అరవై నాలుగులో తోట పండింది. బీజానక్క తన సాలు మొదటి చెట్టు దగ్గర కడవ వంచి, గొడ్డలి పట్టి, మొదటి వేటు వేసింది. బలం చాలక వేటు జారింది గానీ వేసింది. తర్వాత పాళెమంతా గొడ్డళ్ళు మోగాయి. నా సాలు మొదట్లో కడవ పోసేటప్పుడు మా నాయన మాట గుర్తుకొచ్చి ఇంకో కడవ తెచ్చి పోశాను. ఎందుకు రెండు అని ఎవరో అడిగారు. ఒకటి పాత బాకీ అన్నాను. వాసాలు లావుగా వచ్చాయి. మాలకొండయ్య పడవలు నీళ్ళలో అంచు దాకా మునిగి మద్రాసుకు కదిలాయి. ఆ వానలకే మళ్ళీ నాటాం. అవి ఎదిగేదాకా క్యాంపుకు మిలిట్రీ సాలే చాటయింది.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. ఆ చలికాలం క్యాంపు రాలేదు. దొరువు గట్టు మీద ఆడవాళ్ళు గుర్ముఖ్ పేరు, మిగతా కుర్రవాళ్ళ పేర్లు తమకు నోరు తిరిగినట్టు తలుచుకునేవాళ్ళు. మరుసటి ఏడు క్యాంపు మళ్ళీ వచ్చింది, సుబేదారు కొత్తవాడు. మొదట వచ్చిన కుర్రవాళ్ళలో ఎవరున్నారో ఎవరు లేరో ఆయనకు తెలియదు. బీజానక్క ఆయన్నూ మౌలా గురించి అడిగింది. ఏటా అడుగుతూనే ఉంది.

ఇప్పుడు అరవై తొమ్మిది. మిలిట్రీ సాలు నరకడానికి వచ్చింది. తూర్పు గాలికి ఎదురు నిలిచి పెరిగింది గనక మొదళ్ళు నా రెండు చేతుల పట్టుకు అందవు. మొన్న మాలకొండయ్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇట్లాంటి కట్టె ఈ కాలవ మీద ఎప్పుడూ ఎక్కించలేదన్నాడు. పాళెంలో పెద్దవాళ్ళు కూడా నా గురించి ఒక మాట అనుకున్నారంట. వేసవుల్లో నీళ్ళు పోసింది హజరత్తయ్య, కడవ అతను పోస్తే అడిగేవాళ్ళు లేరు అని.

"నూరుకో బావా గొడ్డలి" అన్నాడు మాలకొండయ్య. "ఆ పొద్దు నరుకుదాం నరుకుదామని ఎగిరినోడివి కదా."

"ఎండాకాలం పోసింది నేనే" అన్నాను. "నాటినప్పుడు మొదటి కడవ పోసింది నేను కాదు. పోసినోళ్ళు రానీ."

"వాళ్ళు యాడ వస్తారు? వాళ్ళెవరు, నువ్వెవరు?"

"రాకపోతే చెట్టు ఉంటది. నీకు వచ్చిన నొప్పేంది?"

అతను నావైపు ఒక రకంగా చూసి పోయాడు. పిచ్చివాడనుకుంటే అనుకోనీ. ఆ సాలు నిలబడ్డాక నా కంచంలో ఇసుక పడడం మానింది, అది చాలు నాకు. కొత్తగా పెళ్ళయిన రెండు జంటలు నా పక్కనే ఆ చాటున ఇళ్ళు వేసుకున్నాయి. ఒకరి ఇంట్లో పసిబిడ్డ కూడా ఉంది.

నిన్న లారీలు వచ్చాయి. బీజానక్కకు చూపు తగ్గింది, ఇసుకలో ఒక్కతే నడవలేదు. గుమ్మం దగ్గర నిలబడి నన్ను కేకేసింది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. చెయ్యి పట్టుకొని గచ్చు దాకా తీసుకుపోయాను, మా నాయన గచ్చు దాకా. కొత్త సుబేదారు స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె మౌలా పేరు చెప్పింది, ఏ సంవత్సరం లారీ ఎక్కాడో చెప్పింది. మనిషి ఎట్లా ఉంటాడని ఆయన అడిగినట్టున్నాడు. ఆమె తడుముకొని నా చెయ్యి పట్టుకుంది.

"పొట్టిగా ఉంటాడు" అన్నాను నేను. "ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తాడు. సాయంత్రం పూట లుంగీలో రొట్టెలు మూటగట్టుకొని కాలవ దాటి వస్తాడు."

బీజానక్క ఒక్కొక్క మాటే ఆయన భాషలోకి మార్చి చెప్పింది.